గోడౌన్ మారింది, పాలసీ మారలేదు

వ్యాపారాలు, బీమా: పాఠకుల ప్రశ్నలకు రిటైర్డ్ బీమా సర్వేయర్ (క్లెయిముల్లో నష్టం లెక్కగట్టే మనిషి) జవాబులు

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది విజయవాడలో ప్లైవుడ్ హోల్‌సేల్. బ్యాంకులో 25 లక్షల సీసీ (సరుకు మీద ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు) ఉంది. స్టాకు ఇన్సూరెన్స్ ఏటా బ్యాంకు వాళ్లే చేయించి ప్రీమియం ఖాతాలోంచి తీసుకుంటారు. ఆ పాలసీ కాగితం నేనెప్పుడూ చూడలేదు. భవానీపురం గోడౌన్ చాలక ఈ ఏడాది పాయకాపురంలో ఇంకోటి అద్దెకు తీసుకున్నాను. రెండూ కలిపి 40 లక్షల సరుకు ఉంటుంది. "ఆ ఇన్సూరెన్స్ బ్యాంకు కోసం, నీ కోసం కాదు" అని మా బావమరిది భయపెడుతున్నాడు. నిజమేనా?
– ఒక వ్యాపారి, విజయవాడ

జవాబు: మీ బావమరిది మాట సగం నిజం. పాలసీ మీ పేరు మీదే ఉంటుంది, ప్రీమియం కట్టేదీ మీరే. కాకపోతే అందులో బ్యాంకు క్లాజు అని ఒకటుంటుంది. క్లెయిమ్ డబ్బు వస్తే ముందు మీ సీసీ ఖాతాలో జమవుతుంది. అందులో తప్పేం లేదు, అప్పు తీరుతుంది కదా. నాకు టెన్షన్ పెట్టింది మీ ఉత్తరంలోని ఇంకో మాట. పాలసీ కాగితం ఎప్పుడూ చూడలేదన్నారు. రేపు పొద్దున్నే బ్యాంకుకు వెళ్లి కాపీ అడగండి. షరతులన్నీ చదవక్కర్లేదు. షెడ్యూల్ అనే పేజీ తీసి మూడు గడులు చూడండి: అడ్రసు, సరుకు వివరం, మొత్తం.

అడ్రసు దగ్గర భవానీపురం ఒక్కటే ఉంటుందని నా అనుమానం. అలా ఉంటే పాయకాపురంలో ఉన్న సరుకుకు ఇవాళ రూపాయి రక్షణ లేదు. సరుకు మీదే, బిల్లులు మీవే, ప్రీమియం మీదే. అయినా కంపెనీ రిస్కు తీసుకున్నది షెడ్యూల్‌లో రాసిన చోటుకు మాత్రమే. 2024 సెప్టెంబరులో బుడమేరు పాయకాపురాన్ని ఏం చేసిందో బెజవాడ వాళ్లకు నేను చెప్పాలా? కొత్త అడ్రసు చేర్చమని ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టి, బ్యాంకుకు కాపీ పంపండి. దాన్ని ఎండార్స్‌మెంట్ అంటారు. రెండు చోట్ల మధ్య సరుకు అటూ ఇటూ తిరుగుతుంటే ఫ్లోటర్ పద్ధతిలో, అంటే రెండు చోట్లకూ కలిపి ఒకే మొత్తంగా రాయించండి. అప్పుడు ఏ గోడౌన్‌లో ఎంత ఉందన్న పేచీ రాదు. బ్యాంకు మేనేజరుకు నోటితో చెప్పి ఊరుకోవద్దు. ఆయనకు బదిలీ అయిపోతుంది, మీ గోడౌన్ ఉన్నచోటే ఉంటుంది.

ఇక మొత్తం సంగతి. బ్యాంకులు చాలాసార్లు అప్పు ఎంతో అంతకే బీమా చేయిస్తాయి. వాళ్ల లెక్క వాళ్లది. రెండో అడ్రసు చేర్పించి, మొత్తం మాత్రం 25 లక్షలే ఉంచారనుకుందాం. వరదలో 16 లక్షల సరుకు పోయింది. నష్టం 25 లక్షల లోపే కాబట్టి 16 లక్షలూ వస్తాయని అందరూ అనుకుంటారు. రావు. 40 లక్షల సరుకుకు 25 లక్షల బీమా అంటే మిగతా వంతు రిస్కు మీరే మోస్తున్నట్టు లెక్క. నష్టాన్నీ అదే వంతున పంచుతారు. 16ను 25తో హెచ్చించి 40తో భాగిస్తే 10 లక్షలు. అందులోనూ ఎక్సెస్ కింద మీ వాటా కొంత పోతుంది. ఈ లెక్క చెప్పినప్పుడు నన్ను తిట్టని వ్యాపారి లేడు. తడిసిన గోడౌన్ ముందు నిలబడి భాగహారం చెప్పే మనిషి మీద ఎవరికి మాత్రం ప్రేమ ఉంటుంది?

ఒక్కోచోట ఆస్తి విలువ 5 కోట్లు దాటని వ్యాపారాలకు 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ ఉంది. పేరు మాత్రం అన్ని కంపెనీలకూ అదే. అగ్నిప్రమాదం, తుపాను, వరద, అల్లర్లు అన్నీ అందులోనే వస్తాయి. బీమా మొత్తం 15 శాతం దాకా తక్కువైనా పట్టించుకోరు. మీకున్న లోటు 37 శాతం పైమాటే కాబట్టి ఆ వెసులుబాటు అందదు. విడిగా రెండో పాలసీ ఎందుకు, ఉన్నదాంట్లోనే మొత్తం పెంచండి. పెంచేటప్పుడు స్టాకు విలువలో జీఎస్టీ కూడా కలపండి. సరుకు పాడైపోతే దాని మీద మీరు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి పన్నులో వచ్చిన తగ్గింపును) తిరిగి కట్టాల్సి వస్తుంది. ఆ సంగతి చాలామందికి వరద వెళ్లాక ఆడిటర్ చెబితే గానీ తెలియదు.

మొత్తం ఎంత రాయించాలన్నది మీ పుస్తకాల్లోంచే రావాలి. ఇక్కడ కొంచెం కటువుగా చెబుతాను. సీసీ లిమిట్ తగ్గకూడదని బ్యాంకుకు ఇచ్చే స్టాకు స్టేట్‌మెంట్‌లో ఎక్కువ, పన్ను కోసం పుస్తకాల్లో తక్కువ చూపించే అలవాటు మన మార్కెట్లలో కొత్త కాదు. సర్వేయర్ ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకునే కూర్చుంటాడు. రెండిటికీ పొంతన లేకపోతే ఆ క్లెయిమ్ ఎన్ని నెలలు నానుతుందో ఎవరూ చెప్పలేరు. అకౌంట్లున్న కంప్యూటర్ గోడౌన్‌లోనే ఉంటే ఇవాళే బ్యాకప్ తీసి ఇంకోచోట పెట్టండి. సరుకుతో పాటు సరుకు ఉండేదన్న రుజువు కూడా నీళ్లలో మునిగిన కేసులు నేను చూశాను.

ప్లైవుడ్ గురించి ఒక చిన్న మాట. నీళ్లలో నానితే ఎంఆర్ రకం (తేమను మాత్రమే తట్టుకునే) ప్లై మడత కాజా పొరల్లా విడిపోతుంది. ఫ్లష్ డోర్లు అంచుల దగ్గర ఉబ్బిపోతాయి. మెరైన్ రకం మాత్రం చాలావరకు తట్టుకుంటుంది, కడిగి ఆరబెట్టి రేటు తగ్గించి అమ్ముకోవచ్చు. అందుకని మెరైన్ సరుకు కింద వరసల్లో, ఎంఆర్, డోర్లు పైన పెట్టించండి. హమాలీలు గొణుగుతారు, గొణగనివ్వండి. ఛాతీ ఎత్తు నీళ్లొస్తే ఇదీ పెద్దగా ఆదుకోదు. మోకాలి లోతుకైతే బాగా పనికొస్తుంది.

నష్టం జరిగితే అదే రోజు కంపెనీకి ఫోన్ చేసి, వెంటనే మెయిల్ పెట్టండి. తడిసింది, తడవనిది విడదీయండి, ప్రతి వరసనూ తేదీ పడేలా ఫొటో తీయండి. సర్వేయర్ చూడకముందే తడిసిన సరుకు పాతసామాన్ల వాడికి తోలేయకండి. మురుగు వాసనకు ఇరుగుపొరుగు గొడవ చేసి పారేయాల్సి వస్తే, పారేస్తున్నామని ముందే కంపెనీకి మెయిల్ పెట్టి, రకానికి రెండు షీట్లు ఆనవాలుగా ఉంచండి.

ప్రశ్న: మేడమ్, నిజామాబాద్ దగ్గర మాకు దర్వాజలు, కిటికీలు చేసే చిన్న కార్ఖానా ఉంది. మా ఆయన, నేను చూసుకుంటాం. ఆరుగురు పనివాళ్లు, అందరినీ మేస్త్రీయే యూపీ నుంచి తీసుకొచ్చాడు. పోయిన నెల రంపం మిషన్ మీద 30 ఏళ్లాయనకు రెండు వేళ్లు తెగిపోయినయి. దవాఖాన ఖర్చు 85 వేలు మేమే పెట్టినం. ఆయన జీతం 18 వేలు. ఇప్పుడు మేస్త్రీ ఇంకో లక్ష ఇస్తే తెల్లకాగితం మీద సంతకం పెట్టించి ఇస్తానంటున్నడు. ఆయన మేస్త్రీ మనిషే కదా, మాకేం సంబంధం? కార్ఖానాకు ఫైర్ ఇన్సూరెన్స్ ఉంది, అందులో వస్తదా?
– ఒక సోదరి, నిజామాబాద్ జిల్లా

జవాబు: అమ్మా, ముందు చివరి ప్రశ్న. ఫైర్ పాలసీ గోడలకు, మిషన్లకు, కర్రకు. మనిషికి కాదు. పనివాళ్ల కోసం ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ వేరే ఉంటుంది. మీకు అది లేదని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. ఇప్పుడు తీసుకున్నా జరిగిపోయినదానికి వర్తించదు.

మేస్త్రీ మనిషి అయితే మీకు సంబంధం లేదన్నది నిజం కాదు. మీ కార్ఖానాలో, మీ వ్యాపారం పని చేస్తూ దెబ్బ తగిలితే పరిహారం అతను మిమ్మల్నే అడగవచ్చు. మీరు కట్టి, ఆ తర్వాత మేస్త్రీ దగ్గర రాబట్టుకోవాలి. మేస్త్రీ దగ్గర ఏం రాలుతుందో మీకే తెలుసు.

ఎంత కట్టాలో లెక్క చెబుతాను, కంగారు పడకండి. 1923 నాటి పరిహార చట్టం 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. లెక్కగట్టే పద్ధతి పాతదే. జీతం 18 వేలైనా లెక్కకు తీసుకునేది 15 వేలు. అందులో 60 శాతం, అంటే 9,000. 30 ఏళ్ల వయసుకు పట్టికలో ఉన్న గుణకం 207.98. హెచ్చిస్తే 18,71,820 రూపాయలు. పూర్తిగా పనికి దూరమైతే వచ్చే మొత్తమది. ఒక చేతి రెండు వేళ్లు పోతే సంపాదన శక్తి 20 శాతం పోయినట్టు చట్టంలోని షెడ్యూల్ చెబుతుంది. అందులో 20 శాతం అంటే 3,74,364 రూపాయలు. మీరు పెట్టిన 85 వేలు ఇందులోంచి తీసేయడానికి వీల్లేదు. వైద్యం ఖర్చు యజమాని విడిగా భరించాల్సిందే.

కాబట్టి ఆ లక్షకు తెల్లకాగితం బేరం ఒప్పుకోవద్దు. హక్కు వదులుకుంటున్నానని పనివాడు రాసిచ్చినా అది చెల్లదు. ఆ లక్షలో అతని చేతికి ఎంత చేరుతుందో కూడా నాకు అనుమానమే. రాజీ పడాలనుకుంటే ఆ ఒప్పందం లేబర్ ఆఫీసులో, పరిహారం కేసులు చూసే అధికారి దగ్గర నమోదు కావాలి. ఆలస్యం చేస్తే వడ్డీ పడుతుంది, సరైన కారణం లేకుండా ఆపితే పరిహారంలో సగం దాకా జరిమానా వేయవచ్చు. పాలసీ ఉన్నవాళ్లకు కూడా ఆ జరిమానా కంపెనీ కట్టదు, సొంత జేబులోంచే పోతుంది.

"మిషన్ గార్డు వాడే తీసేశాడు" అని మీ ఆయన అనవచ్చు. చాలామంది యజమానులు నాతో అన్న మొదటి మాట అదే. కావాలనే తీశాడని మీరు రుజువు చేయాలి. గార్డు ఉంటే పని నడవదని అందరూ కలిసి తీసి మూలన పడేసిన మిషన్ దగ్గర ఆ వాదన నిలవదు. ఇంకా తీసే ఉంటే ఈ ఉత్తరం చదివాక పెట్టించండి.

మిగతా ఐదుగురికి ఈ వారమే పాలసీ తీసుకోండి. జీతాలు అసలువి రాయించండి, తగ్గించి రాస్తే క్లెయిమ్ వచ్చినప్పుడు మళ్లీ పేచీ. కాంట్రాక్టు మీద వచ్చినవాళ్లూ అందులో ఉన్నారని పాలసీ షెడ్యూల్‌లో రాసి ఉండాలి. వైద్యం ఖర్చు ఎంతవరకు ఇస్తారో అడగండి, అది చాలాసార్లు విడిగా కొనుక్కోవాలి. పది మంది అయ్యారంటే ఈఎస్ఐ వర్తిస్తుంది. నెలకు 21 వేల లోపు జీతమున్నవాళ్లకు అప్పుడు వైద్యం, పరిహారం అక్కడే. అందరి బ్యాంకు ఖాతాలకూ ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా కూడా కట్టించండి. అయితే ప్రమాదంలో చనిపోతేనో, చేయి, కాలు, కన్ను పోతేనో మాత్రమే అది అక్కరకొస్తుంది. వేళ్లకు రాదు.

ప్రశ్న: గుంటూరులో మాది కిరాణా హోల్‌సేల్. రాత్రి కొట్లోంచి నూనె డబ్బాలు, గల్లాపెట్టెలో డబ్బు పోయాయి. తాళం చెక్కుచెదరలేదు. దొంగతనం పాలసీ ఉన్నా క్లెయిమ్ కొట్టేశారు. ఎక్కడ చెప్పుకోవాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వ్యాపారాలకిచ్చే దొంగతనం పాలసీల్లో ఎక్కువభాగం బలవంతంగా చొరబడిన ఆనవాలు అడుగుతాయి. తాళం, షట్టరు, పైకప్పు, వెంటిలేటర్, ఏదో ఒకటి దెబ్బతిని ఉండాలి. మారుతాళంతో తీశారంటే మీ మనుషుల మీదికే అనుమానం పోతుంది, దానికి వేరే పాలసీ. గల్లాపెట్టె డబ్బుకూ మనీ పాలసీ వేరే. అయినా పోలీసుల పంచనామా ఒకసారి చదవండి. వెనక రేకు వంచినట్టో, చువ్వ లాగినట్టో అందులో ఉంటే మీ కేసు బతికే ఉంది.

ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా పంపండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లో బీమా తగాదాలు తీర్చే అధికారి, అంటే బీమా అంబుడ్స్‌మన్‌కు రాయండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఆ ఆఫీసు కిందికే వస్తాయి. కొట్టు మీ ఒక్కరి పేరు మీద ఉన్నా, సూక్ష్మ సంస్థగా నమోదైనా తీసుకుంటారు. 50 లక్షల దాకా ఇప్పించే అధికారం ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. మీ ఫిర్యాదును కంపెనీ తిరస్కరించిన తేదీ నుంచి, జవాబే రాకపోతే ఆ నెల గడువు ముగిసినప్పటి నుంచి, ఏడాది లోపు మాత్రం వెళ్లాలి. ఇప్పటికే ఫిర్యాదు చేసి ఉంటే ముందు ఆ తేదీ చూసుకోండి.