రక్తహీనత మీద పరిశోధన చేసిన ఇంగ్లీష్ డాక్టర్ లూసీ విల్స్ పేపర్లలో ముందు ఏది చదవాలి?

నన్నడిగితే 1931లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిందే. ఈవిడ 1928లో లండన్ నుంచి బాంబే వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకి ప్రాణం మీదికొచ్చేంత రక్తహీనత ఎందుకొస్తోందో వెతికారు, ముందు ఏదో ఇన్ఫెక్షన్ అనుకున్నారు కానీ చివరికి తిండిలో లోపమని తేలింది. నల్లగా జిగటగా ఉండే ఈస్ట్ పేస్ట్, అదే మార్మైట్, చవగ్గా దొరికేది, అది తినిపిస్తే తేరుకున్నారు! అందులో పనిచేసింది ఫోలేట్ అనే బి విటమిన్ అని తర్వాతెప్పుడో తెలిసింది. దాని కృత్రిమ రూపమైన ఫోలిక్ యాసిడ్‌ని 1945లో ల్యాబ్‌లో తయారుచేసిన టీమ్‌ని నడిపిన, అమెరికా మందుల కంపెనీ లెడర్లీ రీసెర్చ్ డైరెక్టర్ ఎవరనుకున్నారు, మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారే.

ఆ పేపర్ చదివాక 1991లో లాన్సెట్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ట్రయల్ చూడండి. అంతకుముందు మెదడు లేదా వెన్నుపాము సరిగ్గా ఏర్పడని లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకి గర్భానికి ముందునుంచే ఫోలిక్ యాసిడ్ ఇస్తే ఆ లోపం మళ్లీ వచ్చే రిస్క్ 72 శాతం తగ్గింది.