జైలులో మత్తు చికిత్స చేపట్టబోతున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

జైలులో మత్తు మాన్పించే కార్యక్రమం నీకు అప్పగించారని విని సంతోషించాను. కొత్తగా వచ్చిన ఖైదీకి ముందే హితబోధ మొదలుపెట్టకు. హెరాయిన్ అందకపోతే 8–12 గంటల్లో ఒళ్లు నొప్పులు, చెమటలు, వాంతులు పట్టుకుంటాయి. రెండు మూడు రోజులకు ముదురుతాయి. మద్యానికి అలవాటుపడ్డవాడైతే మూర్ఛలు వచ్చి ప్రాణమే పోవచ్చు. 'నాటకమాడుతున్నాడు' అని సిబ్బంది కొట్టిపారేసినా నువ్వు మాత్రం డాక్టరును పిలిపించు.

హెరాయిన్ మీది యావను అణిచే మందులు మెథడోన్, బుప్రెనార్ఫిన్ ఇస్తుంటే 'ఒక మత్తు పోయి ఇంకో మత్తా?' అని దెప్పుతారు. ఆ యావ అణిగితే తప్ప మనిషి చెవికి మన మాట ఎక్కదు. బుప్రెనార్ఫిన్ బిళ్ల నాలుక కింద నెమ్మదిగా కరగాలి. దాన్ని చెంపలో దాచి, తర్వాత అమ్ముకునేవాళ్లుంటారు. అంతమాత్రాన మందు ఆపనివ్వకు. కరిగేదాకా ఎదురుగా కూర్చోబెట్టి, నోరు తెరిపించి చూడమను. అంతసేపూ నీ మాటకు అడ్డురాలేని శ్రోత దొరికినట్టే (అలాగని ఉపన్యాసం వద్దు!).

శిక్ష తగ్గుతుందనే ఆశతో చేరేవాళ్లను చిన్నచూపు చూడకు. అమెరికా ఫెడరల్ జైళ్లలో 500 గంటల కార్యక్రమం పూర్తిచేస్తే అర్హులకు ఏడాది వరకు శిక్ష తగ్గిస్తారు. ఎందుకొచ్చినా, వచ్చాడు కదా.

నా బెంగంతా విడుదల రోజు గురించే. లోపల ఉన్నన్నాళ్లలో ఒంటికి మత్తును తట్టుకునే శక్తి పోతుంది. బయటికెళ్లి పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. వాషింగ్టన్ రాష్ట్రంలో విడుదలైనవారిపై 2007లో వెలువడిన అధ్యయనం ప్రకారం, మొదటి రెండు వారాల్లో మోతాదు మించి చనిపోయే ముప్పు సాధారణ జనంతో పోలిస్తే 129 రెట్లు. ఈ సంగతి ఖైదీకి దాపరికం లేకుండా చెప్పు. బయట ఏ ఆసుపత్రికి, ఏ రోజు వెళ్లాలో చీటీ రాసివ్వు. అప్పటిదాకా సరిపడా మందు చేతిలో పెట్టించు. మోతాదు మించినప్పుడు ఊపిరి నిలిపే మందు నాలొక్సోన్ స్ప్రేను ముక్కులో ఎలా కొట్టాలో ఇంట్లోవాళ్లకు చూపించు, స్పృహ తప్పినవాడు తనకు తాను కొట్టుకోలేడు.

కోర్టు నుంచి అటే ఇంటికి వెళ్లిపోయేవాళ్లూ ఉంటారు. అందుకే ఆ చీటీ, ఖైదీ చేరిన వారంలోనే సిద్ధం చేసి ఉంచు.