బీభత్సానికి ఒత్తు ఎక్కడ?

సందేహం: స్లాషర్ హారర్ సినిమాల (హంతకుడు ఒక్కొక్కరినే వెంటాడి చంపేవి) సీక్వెల్స్ మీద ఒక వ్యాసం రాశాను. అందులో ఒక వాక్యం ఇది: "మొదటి భాగం కన్నా రెండో భాగం మరింత భీభత్సంగా, భయానకంగా ఉంది; ప్రతి హత్యా ఒళ్ళు గగుర్పొడిచే రక్తపాతం." చదివిన స్నేహితుడు మూడు తప్పులు పట్టుకున్నాడు. భీభత్సం కాదు బీభత్సం అన్నాడు. భయానకం, బీభత్సం రెండూ ఒకటి కాదన్నాడు. రక్తపాతం ఇక్కడ బొత్తిగా పనికిరాదన్నాడు. మరి తెర మీద నెత్తురూ పేగులూ చూపించే 'గోర్'కి తెలుగు మాట ఏమిటని అడిగితే "ఘోరం" అని నవ్వేశాడు. ఎవరి మాట ఒప్పు?

సమాధానం: మీ స్నేహితుడికి మూడింటికి రెండున్నర మార్కులు వేయవచ్చు. ఆ అర మార్కు ఎందుకు తగ్గిందో చివర్లో చెబుతాను. నవ్వినందుకు మార్కులేమీ కోయడం లేదు.

ముందు ఒత్తు సంగతి. బీభత్సమే సరైన రూపం. మొదటి అక్షరానికి ఒత్తు లేదు, రెండో దానికి ఉంది. భీతి, భీకరం, భీషణం అని రాసి రాసి అలవాటైన చెయ్యి ఇక్కడ కూడా 'భీ' దగ్గరికే పోతుంది. పక్కనే ఇంకో 'భ' ఉండటంతో తప్పు కంటికి ఆనదు. సినిమా పోస్టర్ల మీద, వార్తల శీర్షికల్లో 'భీభత్సం' ఎన్నిసార్లు కనిపించిందో లెక్కపెట్టడం నేను ఎప్పుడో మానేశాను.

ఈ మాటకి మూలం సంస్కృతంలోని 'బధ్' ధాతువు. దానికి 'సన్' అనే ప్రత్యయం చేరింది. ఆ ప్రత్యయం చేరినప్పుడు ధాతువు మొదటి భాగం రెండుసార్లు వస్తుంది. తాగాలనే కోరిక పిపాస, తెలుసుకోవాలనే కోరిక జిజ్ఞాస, చంపాలనే కోరిక జిఘాంస, అన్నీ ఈ తయారీవే. (మీ వ్యాసంలో ముసుగు హంతకుడి గురించి రాసేటప్పుడు జిఘాంస పనికొస్తుంది. పాపం, ఈ మధ్య ఎవరూ వాడటం లేదు.) గుప్, బధ్ లాంటి కొన్ని ధాతువుల దగ్గర మాత్రం కోరిక అనే అర్థం కాక, ఏవగింపు అనే అర్థం స్థిరపడింది. అలా వచ్చినవే జుగుప్స, బీభత్సం.

ఇక ఒత్తు ఎలా కదిలిందో చూడండి. 'బధ్' పక్కన 'స' చేరేసరికి 'ధ' తన ఒత్తు నిలుపుకోలేక 'త' అయింది. ఊడిపోయిన ఒత్తు ఊరికే పోకుండా ముందున్న 'బ' మీదికి దూకింది. దాంతో 'భత్స' తయారైంది. రెట్టించగా ముందు చేరిన అక్షరానికి దీర్ఘం వచ్చింది కానీ ఒత్తు రాలేదు. అది 'బీ'. ఒక్క ఒత్తే చోటు మారింది. రెండు ఒత్తులు ఎప్పుడూ లేవు. పాణిని ఈ దీర్ఘానికీ, ఆ ఒత్తు దూకుడికీ వేరువేరుగా సూత్రాలు చెప్పాడు.

ఇది వట్టి అక్షరదోషమే అయితే ఇంత చెప్పేవాణ్ణి కాదు. 'భీ' అని రాయడంతో మాటలోకి భయం దొంగతనంగా దూరుతోంది. మీ రెండో తప్పు అక్కడే పుట్టింది.

భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన ఎనిమిది రసాల్లో భయానకం, బీభత్సం వేరువేరు. మొదటిదానికి స్థాయి, అంటే ఆ రసానికి ఆధారమైన భావం, భయం; రెండోదానికి జుగుప్స. అవి ఒంటి మీద ఎలా కనిపిస్తాయో కూడా విడివిడిగా చెప్పాడు. భయానకంలో కాళ్ళూ చేతులూ వణుకుతాయి, కళ్ళు అటూ ఇటూ పరుగెడతాయి, రోమాలు నిక్కబొడుచుకుంటాయి, ముఖం వెలవెలబోతుంది, గొంతు మారుతుంది. బీభత్సంలో ఒళ్ళు ముడుచుకుపోతుంది, ఉమ్మి వస్తుంది, వాంతి వస్తుంది.

తెలుగు నుడికారానికీ ఈ తేడా తెలుసు. భయానికి గుండె ఝల్లుమంటుంది, ముచ్చెమటలు పడతాయి, పై ప్రాణాలు పైనే పోతాయి. రోతకి కడుపులో దేవుతుంది, ఓకరింత వస్తుంది, ముఖం చిట్లుతుంది. ఒకటి గుండెల్లో, ఇంకొకటి పొట్టలో. కాబట్టి "ఒళ్ళు గగుర్పొడిచే" అన్న మాటను కత్తి ఇంకా దిగని క్షణానికి దాచుకోండి. తలుపు సందులోంచి నీడ కదిలినప్పుడు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. పేగులు బయటికి లాగి చూపించినప్పుడు కడుపులో తిప్పుతుంది. అక్కడ గగుర్పాటు అని రాస్తే సినిమాకి లేని గొప్ప అంటగట్టినట్టే.

మీరు రాసింది సీక్వెల్స్ గురించి కాబట్టి ఈ తేడా ఇంకా ముఖ్యం. భయం తెలియనిదాన్నుంచి పుడుతుంది. మొదటి భాగంలో హంతకుడు ఎవరో, ఎక్కడున్నాడో, ఎందుకు చంపుతున్నాడో తెలియదు. రెండో భాగానికి వాడి ముసుగూ నడకా ఆయుధమూ అన్నీ ప్రేక్షకుడికి చుట్టరికమైపోతాయి. తెలిసినవాణ్ణి చూసి ఎంతసేపని భయపడతాం? అప్పుడు దర్శకుడికి చవకగా దొరికేది రోత. భయం తగ్గిన మేరకు నెత్తురు పోసి సర్దుతాడు.

హిచ్‌కాక్ 1960లో తీసిన 'సైకో' స్నానాలగది హత్యలో నెత్తురుగా పారింది చాక్లెట్ సిరప్. నలుపు తెలుపు సినిమా కాబట్టి అది చెల్లింది. ఆ దృశ్యంలో కత్తి ఒంట్లో దిగడం దాదాపు కనిపించదు, దిగిందని మనమే అనుకుంటాం. 1978 నాటి 'హాలోవీన్'లోనూ నెత్తురు బహు తక్కువ, ఎదురుచూపే ఎక్కువ. 1981లో దానికి రెండో భాగం వచ్చేసరికి శవాలూ పెరిగాయి, చంపే పద్ధతులూ పెరిగాయి. ఈ కాలంలో ఆ దారి చివరిదాకా వెళ్ళింది 'టెరిఫైయర్' వరస. పేరుకి అర్థం భయపెట్టేవాడు. కానీ 2022లో రెండో భాగం విడుదలైనప్పుడు వచ్చిన వార్తలేమిటి? థియేటర్లలో కొందరు వాంతి చేసుకున్నారని, కొందరు స్పృహ తప్పారని. వాంతి ఏ రసం కిందికి వస్తుందో పైన చెప్పాను. పేరులో భయానకం, తెర మీద బీభత్సం. మీ వాక్యంలో రెండు మాటలూ పక్కపక్కన పడ్డట్టే అక్కడా పడ్డాయి.

అయితే రెండింటికీ చుట్టరికం లేదని మాత్రం అనలేం. "బీభత్సాచ్చ భయానకః" అన్నాడు భరతుడే, బీభత్సం నుంచి భయానకం పుడుతుందని. ఒక శవాన్ని చూసి అసహ్యపడిన మనిషి, మరుక్షణం 'దీన్ని ఇలా చేసినవాడు ఇక్కడే ఉన్నాడేమో' అని వణుకుతాడు. మంచి హారర్ ఈ మెట్టు ఎక్కిస్తుంది. నాసిరకం సీక్వెల్ శవం దగ్గరే ఆగి, దీపం ఇంకాస్త దగ్గరికి జరుపుతుంది.

ఇక గోర్. ఘోరానికీ దీనికీ చుట్టరికం లేదు, చెవికి వినిపించే పోలిక తప్ప. పాత ఇంగ్లీషులో ఈ మాటకి అర్థం పేడ, మలం, మురికి. తర్వాతి కాలంలో గడ్డకట్టిన నెత్తురుకు పేరయింది. ఇది చదివినప్పుడు నాకు భరతుడి ఇంకో విభాగం గుర్తొచ్చింది. బీభత్సంలో మలం, పురుగుల వల్ల పుట్టేది ఉద్వేగి, నెత్తురు మొదలైనవాటి వల్ల పుట్టేది క్షోభజం అన్నాడాయన. అక్కడ ఒక మాట మలం నుంచి నెత్తురుకు నడిచి వెళ్ళింది, ఇక్కడ ఆ రెండూ ఒకే రసంలో పక్కపక్కన కూర్చున్నాయి. అందుకని 'గోర్'కి తెలుగు కావాలంటే బీభత్సమే దగ్గరి మాట. ఒక సన్నివేశాన్ని చెప్పేటప్పుడు 'బీభత్స దృశ్యం' చక్కగా సరిపోతుంది. గోర్ అనే రాసినా తప్పు పట్టను. "గోరీగా ఉంది" అని మాత్రం రాయకండి. తెలుగులో గోరీ అంటే సమాధి. అది పారసీ నుంచి వచ్చి ఎన్నాళ్ళగానో ఇక్కడే స్థిరపడింది. హారర్ సినిమాలో నిజంగానే సమాధులు ఉంటాయి కాబట్టి గందరగోళం ఖాయం.

స్లాషర్‌ని స్లాషర్‌గానే ఉంచండి. 'నరుకుడు సినిమా' అంటే మనవాళ్ళకి వేరే రకం సినిమా గుర్తొస్తుంది. 'ఊచకోత' అని కొందరు రాస్తారు; గుంపును ఒక్కపెట్టున చంపడం అది. స్లాషర్‌లో ఒక్కొక్కరినే వేరుచేసి చంపుతారు. సీక్వెల్‌కి 'కొనసాగింపు' బాగుంటుంది. ఒకే కథను రెండు ముక్కలు చేసినప్పుడు 'రెండో భాగం' అనడం నాకిష్టం, అయినా వాడుకలో ఆ తేడా చెరిగిపోయింది, పట్టుబట్టను.

ఇక అర మార్కు. రక్తపాతంలోని పాతం వర్షపాతంలో ఉన్నదే, పడటం అని అర్థం. కానీ వాడుకలో ఈ మాట కంటికి కనిపించే నెత్తురును చెప్పదు, జరిగిన ప్రాణనష్టాన్ని చెబుతుంది. రక్తపాతం లేకుండా అధికారం చేతులు మారింది అంటాం చూడండి, అదీ దాని చోటు. అందుకే ఒక్క హత్యను రక్తపాతం అనడం కుదరదు. అక్కడ మీ స్నేహితుడు ఒప్పే. కానీ బొత్తిగా పనికిరాదన్నాడే, అది ఎక్కువ. "సినిమా అంతా రక్తపాతమే" అని మొత్తం మీద అంటే ఏ తప్పూ లేదు. ఒక గదిని, ఒక చొక్కాను చెప్పాలంటే 'రక్తసిక్తం' ఉంది. సిక్తం అంటే తడిసింది. తెలుగు మాటే కావాలంటే 'నెత్తురు మడుగు' అనకుండా 'నెత్తుటి మడుగు' అనండి. డబ్బింగ్ సినిమాల సబ్‌టైటిల్స్‌లో ఆ 'టి' తరచూ రాలిపోతోంది.

ఒక చిన్న ముచ్చట. అర్జునుడి పది పేర్లలో బీభత్సుడు ఒకటి. భయపెట్టేవాడని కొందరు అర్థం చెబుతుంటారు, కారణం మళ్ళీ ఆ దొంగ ఒత్తే. విరాటపర్వంలో అర్జునుడే ఉత్తరుడికి చెప్పుకున్న అర్థం వేరు: యుద్ధం చేసేటప్పుడు రోత పుట్టించే పని చేయనివాడు కాబట్టి ఆ పేరు. అన్ని వేలమందిని పడగొట్టినవాడు కూడా ఆ గీత దాటనన్నాడు.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: "మొదటి భాగం భయానకం, రెండో భాగం బీభత్సం, హత్య జరిగిన ప్రతిసారీ కడుపులో దేవుతుంది." 'మరింత' తీసేశాను, ఎందుకంటే ఇక్కడ పెరిగింది మోతాదు కాదు, రసమే మారింది. సినిమా బాగా ఆడితే "బీభత్సంగా ఆడింది" అని మాటల్లో అనుకోవచ్చు, ఆ వాడుకతో నాకు తగాదా లేదు. ఈ వ్యాసంలో మాత్రం వద్దు, చదివేవాళ్ళు ఏ బీభత్సమో తేల్చుకోలేరు.