అల్లుడూ, ముందు దిండు కుట్టించు

కావలి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య దీవెనలు.

జెన్ ధ్యానం మొదలుపెడతాను, ఎలాగో చెప్పమన్నావు. ఫోనులో చెబితే సగం వింటావు, మిగతా సగం నీ రొయ్యల మేత లెక్కలు చూసుకుంటావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ముందు మీ అమ్మ బెంగ సంగతి. ఇందులో మతం మారేదేమీ లేదని చెప్పు. బౌద్ధం మనకు పరాయిదీ కాదు, గుండ్లకమ్మ ఒడ్డున చందవరంలో స్తూపం ఇప్పటికీ ఉంది. జెన్ మాత్రం చైనాలో రూపు కట్టి జపాన్ చేరిన బౌద్ధ ధ్యాన మార్గం. అక్కడి గురువు డోగెన్ 1227లో చైనా నుంచి తిరిగొచ్చి, కూర్చునే పద్ధతి రాసిపెట్టాడు. గది నిశ్శబ్దంగా ఉండాలి, తిండీ నీళ్ళూ మితంగా ఉండాలి, మందపాటి చాప పరిచి దాని మీద దిండు వేసుకోవాలి అంటాడు. దిండు గురించి కూడా రాశాడంటే అది చిన్న విషయం కాదని తెలుసుకో. మానేసినవాళ్ళని అడిగితే మనసు నిలవలేదంటారు గానీ, వాళ్ళలో చాలామంది నడుం నొప్పికి లేచిపోయినవాళ్ళే.

పరుపులు కుట్టేవాళ్ళ దగ్గరికి వెళ్ళి గుండ్రటి దిండు కుట్టించు. అడ్డం 14 అంగుళాలు, ఎత్తు 6 అంగుళాలు, మందపాటి నూలు గుడ్డ. లోపల బూరుగు దూది పెట్టించు, జపాన్ దిండ్లలోనూ అదే కూరతారు. కిలో అటూ ఇటూ పడుతుంది. గట్టిగా కూరమని నిలబడి చెప్పు. నువ్వు కూర్చున్నాక కూడా 4 అంగుళాల ఎత్తు నిలవాలి. స్పాంజి వద్దు, కూర్చోగానే దిగిపోయి ఒక పక్కకి ఒరుగుతుంది. పక్కన జిప్పు పెట్టిస్తే దూది అణిగినప్పుడు మళ్ళీ కూరుకోవచ్చు. కింద తుంగచాప ఒక్కటే చాలదు, చీలమండలు ఒత్తుకుంటాయి. దుప్పటి నాలుగు మడతలు వేసి పరుచు.

దిండు మీద మొత్తంగా ఎక్కి కూర్చోకు. ముందువైపు మూడోవంతు మీదే కూర్చుంటే మోకాళ్ళు వాటంతటవే కిందికి దిగుతాయి. రెండు మోకాళ్ళూ నేలను తాకాలి. అవి గాల్లో ఉంటే నడుం వెనక్కి వాలి గూని వస్తుంది, పది నిమిషాలకే నొప్పి మొదలవుతుంది. తాకకపోతే దిండు ఎత్తు పెంచు, లేదా మోకాలి కింద తువ్వాలు మడిచి పెట్టు. పద్మాసనం జోలికి పోకు. ఒక కాలి ముందు ఇంకో కాలు, రెండు పిక్కలూ నేలకే ఆని ఉంటే చాలు. అదీ కుదరకపోతే కుర్చీలో కూర్చో, వీపు ఆనించకుండా, పాదాలు రెండూ నేలకు ఆనించి. అందులో నామోషీ ఏమీ లేదు.

కూర్చున్నాక ఒళ్ళు కుడికీ ఎడమకీ పెద్దగా ఊపి, క్రమంగా తగ్గిస్తూ మధ్యలో ఆగు. చెవులు భుజాల మీదికి, ముక్కు బొడ్డుకి సూటిగా రావాలి. నాలుక కొన పైపళ్ళ వెనక అంగిలికి ఆనించు. గోడకు ఎదురుగా, గజం దూరంలో కూర్చో. కళ్ళు పూర్తిగా మూయొద్దు, సగం తెరిచి చూపు కిందికి వాల్చు. మూస్తే నీలాంటి నిద్ర కరువు మనిషికి కునుకు ఖాయం.

కుడి అరచేతి మీద ఎడమ అరచేయి, రెండు బొటనవేళ్ళ కొనలు తాకీ తాకనట్టు, పొత్తికడుపు దగ్గర. ఆ బొటనవేళ్ళని గమనించడం నేర్చుకో. అవి విడిపోయి కిందికి వాలాయంటే నిద్రలోకి జారుతున్నావు. ఒకదాన్నొకటి నొక్కుకుని పైకి లేచాయంటే ఎక్కడో పళ్ళు బిగపట్టి ఉన్నావు. నీకు తెలిసేలోపే వాటికి తెలుస్తుంది.

ఊపిరి ముక్కుతోనే, దానంతట అది ఎలా వస్తే అలా. ప్రాణాయామంలోలా బిగపట్టడాలు ఇక్కడ లేవు. వదిలే ఊపిరికి ఒకటి, మళ్ళీ వదిలినప్పుడు రెండు, అలా పది దాకా లెక్కపెట్టి మళ్ళీ ఒకటికి రా. మధ్యలో కరెంటు బిల్లు గుర్తొచ్చి లెక్క తప్పితే ఒకటి నుంచి మొదలుపెట్టు, నిన్ను నువ్వు తిట్టుకోకుండా. ఒక్కోసారి చూసుకుంటే పద్నాలుగులో ఉంటావు. అదీ తప్పడమే, నోరు లెక్కపెడుతోంది, మనిషి లేడు. మొదటి నెలంతా నాలుగు దాటకపోయినా కంగారుపడకు. తప్పిందని తెలియడం, తిరిగి రావడం, ఇక్కడ చేసే పని ఇదే. మనసు ఖాళీ అవుతుందని కాచుకుని కూర్చుంటే మాత్రం వారంలో విసుగొస్తుంది. లెక్క పట్టుబడ్డాక అంకెలు వదిలేసి ఊపిరినే గమనించు. ఆ తరువాత ఏదీ పట్టుకోకుండా ఊరికే కూర్చోవడం ఉంది, దానికి తొందరేం లేదు.

వేళ సంగతి. బ్రహ్మముహూర్తంలో కూర్చోవాలని ఎవరో చెప్పారన్నావు. చెరువులో ఆక్సిజన్ అడుగంటేది తెల్లవారుజామునే, ఆ వేళ నువ్వు నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ల దగ్గర ఉండాల్సినవాడివి. ఎండెక్కాక ఇంటికొచ్చి, స్నానం చేసి, టిఫిన్‌కి ముందు కూర్చో. రోజూ స్నానం తరవాతే అని ముడిపెట్టుకుంటే గడియారంతో పని లేదు. సాయంత్రం కుదిరితే సరే, తిన్నాక రెండు గంటలైనా ఆగాలి. చేపల పులుసు అన్నం తిని కూర్చుంటే అది ధ్యానం కాదు, గురకే.

మొదటి వారం 5 నిమిషాలు, రెండో వారం 10. ఆ తరవాత వారానికి రెండు నిమిషాలు చొప్పున పెంచి 25 దగ్గర ఆపు. బాగుందని ఒకరోజు గంట కూర్చోవద్దు, మర్నాడు మోకాళ్ళు ఒప్పుకోవు. రొయ్యలు పట్టే రోజున మోటారు షెడ్డులో కుర్చీ మీద మూడు నిమిషాలైనా సరే, రోజు తప్పనివ్వకు. ఫోను అలారం కంటే అగరొత్తి మేలు, జెన్ మఠాల్లోనూ ఒత్తి కాలినంత సేపే కూర్చునేవారు. నీ దగ్గరున్నది ఎంతసేపు కాలుతుందో ఒకసారి చూసుకుని, కావలసినంతకు విరుచుకో. ఫ్యాను గాలికి త్వరగా కాలిపోతుంది, ఫ్యాను ఆపే కొలువు. దోమలుంటే దోమతెర లోపలే కూర్చో, ఒత్తి మాత్రం బయట, దూరంగా ఉండాలి.

కాలు తిమ్మిరెక్కితే భయం లేదు, కానీ వెంటనే లేవకు. కాళ్ళు చాపి, స్పర్శ తిరిగొచ్చాక నిలబడు, లేకపోతే చీలమండ మడతపడుతుంది. మోకాలి లోపల పోటు వస్తే వేరు సంగతి, అది ఓర్చుకోవలసింది కాదు. అక్కడికక్కడే కాలు మార్చు. రంగులు, వెలుగులు కనబడితే ఎవరికీ చెప్పుకోకు, వెంట పడకు, లెక్కకు రా. పాత దుఃఖం ఏదైనా ఉధృతంగా వచ్చినా, గుండెదడ పుట్టినా కళ్ళు పూర్తిగా తెరిచి లేచి నడువు. రోజూ అలాగే ఉంటే ఆపేసి డాక్టరుకి చూపించు. బీపీ మాత్రలకి ఇది బదులు కాదు.

15 నిమిషాలు దాటాక నడిచే ధ్యానం కూడా కలుపుకో. ఎడమచేతి బొటనవేలు లోపల పెట్టి పిడికిలి బిగించి రొమ్ము దగ్గర ఉంచి, కుడిచేత్తో మూయి. ఒక ఊపిరికి అరడుగు, వసారాలో అయిదు నిమిషాలు. చెరువు గట్టు మీద వద్దు, కాలు జారుతుంది.

పగలు ఎరుక కోసం ఒక్క పని ఎంచుకో. నీకైతే చెక్ ట్రే, రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే పళ్ళెం. పైకి లాగేటప్పుడు తాడు బరువు, నీళ్ళు కారిపోవడం, ట్రేలో మిగిలిన మేత, రొయ్య పేగు నిండుగా ఉందా లేదా, అంతే చూడు. ఆ రెండు నిమిషాలు ఫోను జేబులోనే. హైవే మీద బండి నడిపేటప్పుడు మాత్రం ఊపిరి గమనించకు, లారీలను గమనించు.

ఎండాకాలంలో దిండు వారానికోసారి ఎండలో వెయ్యి. బూరుగు దూది చెమటకు ముద్దకడుతుంది, ఎండ తగిలితే మళ్ళీ పొంగుతుంది. అమ్మని అడిగినట్టు చెప్పు.

మీ మామయ్య