గుల్జార్ హౌజ్ దగ్గర ఆగండి

ప్రశ్న: వచ్చే నెల మా అత్తయ్యగారితో ఉప్పల్‌లో మా తమ్ముడి ఇంటికి వస్తున్నాం. ఆవిడకి చార్మినార్ చూడాలని ఎప్పట్నుంచో కోరిక, కానీ మోకాళ్ల నొప్పులు. అక్కడ జనం తప్ప ఏముందని మా తమ్ముడు అంటున్నాడు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ తమ్ముడు సగం నిజమే చెప్పాడు, జనం ఉంటారు. అయితే 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా ఆ కట్టడాన్ని నాలుగు రోడ్ల కూడలిలో కట్టించిందే నగరానికి నడిబొడ్డుగా ఉండాలని, మరి జనం లేకపోతే ఎలా?

ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్స్‌లో మారి ఎంజీబీఎస్‌లో, అంటే మహాత్మా గాంధీ బస్ స్టేషన్ దగ్గర దిగండి. అక్కణ్నుంచి ఆటోలో పత్తర్‌గట్టి మీదుగా వస్తే ముందు గుల్జార్ హౌజ్ తగులుతుంది. చాలామంది దాన్ని పట్టించుకోకుండా చార్మినార్ ఫొటో కోసం పరిగెడతారు, నాకు మాత్రం అసలు చౌరస్తా ఇదే. మధ్యలో పాత ఫౌంటెన్, నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు, అందుకే చార్ కమాన్. ఒకప్పుడు ఇది కోట ముంగిలి లాంటి మైదానం, పడమటి కమాన్ దాటితే రాజభవనాలు. ఇప్పుడు ఆ భవనాలు లేవు, ముత్యాల కొట్లూ బంగారం కొట్లూ ఉన్నాయి. అత్తయ్యగారిని ఫౌంటెన్ దగ్గర ఓ నిమిషం ఆపి, దక్షిణం వైపు కమాన్‌లోంచి చార్మినార్ చూపించండి.

పైకి ఎక్కించొద్దు. మెట్లు ఇరుకు, గుండ్రంగా తిరుగుతూ వెళ్తాయి, ఒక్కో మెట్టూ ఎత్తే, మోకాళ్లు బాగున్నవాళ్లకే ఆయాసం వస్తుంది. కింద నిలబడి 1889లో పెట్టిన గడియారాలు చూస్తే చాలు.

మిగతా టైమంతా గాజుల కొట్లుండే లాడ్ బజార్‌కి ఇవ్వండి, చార్మినార్‌కి పడమర వైపు సందే. లోపలికి వెళ్తే బొగ్గుల మీద లక్క కరిగించి, మెత్తబడ్డ ముద్దని కర్రతో సాగదీసి, కడియం చుట్టూ అతికించి, వేడి ఆరేలోగా ఒక్కో రాయినీ గుచ్చుతుంటారు. చెయ్యి కాలదా అని మీ అత్తయ్యగారు తప్పకుండా అడుగుతారు. బేరం ఆవిడకే వదిలేయండి, మొదట చెప్పిన రేటుకి ఎవరూ కొనరు.

శుక్రవారం మధ్యాహ్నం మాత్రం వద్దు, మక్కా మసీదులో నమాజుకి వచ్చేవాళ్లతో రోడ్డంతా నిండిపోతుంది. మామూలు రోజు పొద్దున్నే వస్తే హాయి, కొట్లు తెరిచేలోపు పక్కనే ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్ కానివ్వచ్చు. రంజాన్ నెలైతే లెక్క వేరు, కొట్లు తెల్లవార్లూ తెరిచే ఉంటాయి, కానీ ఆ తోపులాటలో మోకాళ్ల నొప్పులున్న మనిషిని తిప్పలేరు.

అన్నట్టు, ఊళ్లో ఎవరికైనా గాజులు తీసుకెళ్లాలనుకుంటే సైజు ముందే అడిగి రాసుకు రండి, రెండు నాలుగా, రెండు ఆరా అని. లక్క గాజు సాగదు.