రాత్రి మెరూన్, పొద్దున కాఫీ రంగు!

ప్రశ్న: ఇంటి వెనక గదిలో మెషీను పెట్టుకుని జాకెట్లు కుడతాను, చీరలకు ఫాల్ వేస్తాను. గది పది అడుగులు, పన్నెండు అడుగులు. పాత ట్యూబ్‌లైటు పోతే 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు వేయించాం. గది బాగానే వెలుగుతోంది కానీ సూది దగ్గర నీడ పడుతోంది. పైగా రాత్రి సరిపోయిందనుకుని వేసిన మెరూన్ దారం పొద్దున చూస్తే కాఫీ రంగులో కనిపిస్తోంది. ఇంకా ఎక్కువ వాట్లది కొనాలా? వాషింగ్ మెషీన్ ఉన్న వసారాలో కూడా లైటు మార్చాలి, అక్కడి బల్బు స్విచ్ ఆపినా సన్నగా వెలుగుతూనే ఉంటుంది.
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వద్దమ్మా, వాట్లు పెంచితే తీరే బాధలు కావివి.

ముందు దారం సంగతి. తెల్ల ఎల్‌ఈడీ లోపల పుట్టేది నీలం వెలుగు. దాని మీద పసుపు పొడి పూత వేస్తారు కాబట్టి మన కంటికి తెల్లగా కనబడుతుంది, కానీ చవక రకాల్లో ముదురు ఎరుపు పాలు బాగా తక్కువ. అందుకే మెరూన్, కుంకుమ, వంకాయ రంగుల దగ్గరే కళ్లు మోసపోతాయి. మ్యాచింగ్ సెంటర్‌లో జాకెట్టు గుడ్డ చీర మీద వేసుకుని గుమ్మం బయటికొచ్చి చూస్తాం చూడండి, అదీ ఇందుకే. కొనేటప్పుడు పెట్టె తిప్పి సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో వందకి చెప్పే అంకె) ఎంతో చదవండి. మామూలు వాటికి 80 ఉంటుంది, మీ పనికి 90 దాటాలి. షాపతను ‘అన్నీ ఒకటే మేడం’ అంటాడు, ఒకటి కావు. పెట్టె మీద ఆ అంకె లేకపోతే దాన్ని అక్కడే పెట్టేసి రండి. పక్కనే 6500 కె, 4000 కె అని ఇంకో అంకె ఉంటుంది, చాలామంది దాన్ని చూసే మోసపోతారు. అది వెలుగు నీలంగా ఉంటుందా పసుపుగా ఉంటుందా అనేది చెబుతుంది అంతే, రంగు సరిగ్గా చూపిస్తుందని హామీ ఏమీ ఇవ్వదు. మీకు 4000 హాయిగా ఉంటుంది. అయినా పట్టుచీరకి దారం మాత్రం పగటిపూట కిటికీ దగ్గరే ఎంచుకోండి, నేనైతే ఏ లైటునీ అంత నమ్మను.

ఇక నీడ. మీ ట్యూబు మీ వెనక గోడకే ఉండి ఉంటుంది, ఔనా? వంగి కుడుతుంటే మీ తల నీడే సూది మీద పడుతుంది, అక్కడ 40 వాట్లు పెట్టినా నీడ నల్లబడుతుందే గానీ పోదు. ట్యూబుని మెషీనుకి ముందువైపు, కాస్త ఎడమకి జరిపించండి (మీది ఎడమచేతి వాటమైతే కుడికి). లెక్క కూడా చెప్తాను. 20 వాట్ల ట్యూబు సుమారు 2,000 ల్యూమెన్లు (వెలుగుకి కొలత) ఇస్తుంది, మీ గది 11 చదరపు మీటర్లు, అంటే చదరపు మీటరుకి 180 చొప్పున, అందులోనూ గోడలు తినేది తినగా మిగిలింది. కుట్టుపనికి సూది దగ్గర 500 పైన కావాలి. అంత వెలుగు గదంతా నింపడం దండగ. రెండో ట్యూబు ఒకటి వేసుకుని, మెషీను తలకి అంటుకునే చిన్న ఎల్‌ఈడీ దీపం తెచ్చుకుంటే సరిపోతుంది, జానెడు దూరం నుంచి పడే వెలుగు ముందు పైకప్పు లైటు ఎందుకూ పనికిరాదు. తెచ్చాక ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి చూడండి, తెర మీద నల్లటి చారలు పాకుతుంటే ఆ లైటు సన్నగా కొట్టుకుంటున్నట్టే, గంటలకొద్దీ కుట్టేవాళ్లకి తలనొప్పి తెచ్చిపెడుతుంది. మార్చుకోండి.

వసారాకి ఐపీ65 అని రాసి ఉన్న, మూత బిగుతుగా ఉండే ఫిట్టింగు చాలు, జల్లు పడినా నీళ్లు లోపలికి పోవు. అక్కడ సీఆర్‌ఐ గొడవ అక్కర్లేదు.

కానీ స్విచ్ ఆపినా వెలుగుతోందన్నారే, దాన్ని మాత్రం ఈ వారమే చూపించండి. స్విచ్‌లో చిన్న ఎర్ర ఇండికేటర్ ఉంటే దాని గుండా పోయే కాస్త కరెంటుకే అలా మిణుకుతుంది, టెన్షన్ లేదు. అది లేకపోతే మాత్రం ఫేజుకి (కరెంటు తెచ్చే వైరుకి) బదులు న్యూట్రల్ వైరు స్విచ్‌కి కలిపి ఉండవచ్చు. అప్పుడు స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది. తడి చేతులతో తిరిగే చోటు అది. బల్బు మీరు విప్పకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ముందు మెయిన్ ఆపించండి.