మీటరు 80 చూపిస్తోంది, బండి 103లో పోతోంది

ప్రశ్న: నాది ఎత్తు పెంచిన ఆఫ్‌రోడ్ ట్రక్కు. 35 అంగుళాల టైర్లు, వెనక డానా 60, ముందు డానా 44 ఇరుసులు. పెట్రోల్ ఇంజిన్ తీసేసి కమిన్స్ 4బీటీ డీజిల్ ఇంజిన్ పెట్టించాను. హౌసింగుల్లో (ఇరుసు మధ్య గేర్లుండే గుండు) 4.56 గేర్లు, టాప్ గేరు 1.00 ఉన్న పాత నాలుగు గేర్ల బాక్సు ఉన్నప్పుడు 85 దాటితే ఇంజిన్ గోల భరించలేకపోయేవాణ్ణి. అందుకని ముందూ వెనకా 3.54 గేర్లు వేయించి, ఐదో గేరు 0.75 ఓవర్‌డ్రైవ్ (ఇంజిన్ చుట్లు తగ్గించే గేరు) ఉన్న ఎన్‌వీ4500 గేర్‌బాక్సు కూడా పెట్టించాను. ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక ఇరుసులకు శక్తిని పంచేది) పాతదే. ఇప్పుడు ఐదో గేర్లో 80 మీద టాకోమీటరు (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది) 1700 దగ్గర ఉంటోంది, శబ్దం బాగా తగ్గింది. కానీ చిన్న ఎక్కుడు వస్తే బండి లాగదు, ఎగ్జాస్ట్ వేడి 720 డిగ్రీలు దాటుతోంది, నల్లపొగ వస్తోంది. 80లోనే బండి అటూ ఇటూ తేలుతోంది, బ్రేకులు కూడా ఇదివరకులా పట్టడం లేదు. మైలేజీ లీటరుకు 9 నుంచి 7.5కి పడిపోయింది. టర్బో పోయిందా? డీజిల్ పంపు మార్చాలా?

జవాబు: టర్బో జోలికి, పంపు జోలికి ఇప్పుడే వెళ్ళకండి. మీరు రాసిన అంకెల్లోనే ఒకటి రెండోదానితో పొసగడం లేదు. ముందు అది చూద్దాం.

35 అంగుళాల టైరు బరువు కింద కాస్త అణుగుతుంది కాబట్టి ఒక చుట్టుకు రమారమి 2.7 మీటర్లు పోతుందనుకోండి. గంటకు 80 కిలోమీటర్లంటే నిమిషానికి 1333 మీటర్లు, అంటే చక్రం నిమిషానికి 494 చుట్లు తిరగాలి. దాన్ని 3.54తో, ఆపైన 0.75తో గుణిస్తే ఇంజిన్ 1310 దగ్గర ఉండాలి. మీకు 1700 చూపిస్తోంది. క్లచ్ జారుతుంటే శబ్దంలో, వాసనలో తెలిసేది, స్పీడు పెరగకుండా టాకోమీటరు ఒక్కటే ఎగిరేది. మీరు అలాంటిదేమీ రాయలేదు. కాబట్టి తప్పు స్పీడు మీటరుదే.

మీ మీటరు కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేసు వెనక నుంచి వస్తుంది. అది లెక్కపెట్టేది అక్కణ్ణుంచి ఇరుసుకు పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ చుట్లను, చక్రం చుట్లను కాదు. 4.56 ఉన్నప్పుడు చక్రం ఒక్కసారి తిరగాలంటే షాఫ్ట్ నాలుగున్నర సార్లకు పైగా తిరిగేది. ఇప్పుడు మూడున్నర సార్లే తిరుగుతోంది. మీటరుకు ఈ మార్పు తెలియదు. 4.56ను 3.54తో భాగిస్తే 1.29 వస్తుంది. మీటరు 80 చూపించినప్పుడు మీరు పోతున్నది 103. ఆ స్పీడుకు లెక్క వేస్తే ఇంజిన్ 1690 దగ్గర ఉండాలి, మీ టాకోమీటరు చెప్పేది సరిగ్గా అదే. నమ్మకం కుదరకపోతే ఫోనులో జీపీఎస్ స్పీడు పెట్టి పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని చూడండి.

దీంతో మీ ఉత్తరంలో సగం సమస్యలకు జవాబు దొరుకుతుంది. గాలిని చీల్చడానికి కావలసిన పవర్ స్పీడుకు ఘనంగా పెరుగుతుంది. 80 నుంచి 103కి వెళితే ఆ ఒక్క ఖర్చే రెట్టింపు దాటుతుంది. మీ బండి ముందుభాగం నిలువు గోడలా ఉంటుంది కాబట్టి ఆ ఖర్చు ముందే ఎక్కువ. బ్రేకులు ఆపాల్సిన శక్తి స్పీడుకు వర్గంగా పెరుగుతుంది, అంటే మూడింట రెండు వంతులు ఎక్కువ. బ్రేకులు పట్టడం లేదని మీకు అనిపించడం సహజం, అవి నిజంగానే ఎక్కువ పని చేస్తున్నాయి. ఎత్తు పెంచిన సస్పెన్షన్ 103లో తేలడంలో కూడా ఆశ్చర్యం లేదు. అయినా బాల్ జాయింట్లు, స్టీరింగ్ లింకులు ఒకసారి చూపించండి, ఆ స్పీడులో వాటి మీద భారం పడింది. ఇక మైలేజీ. కిలోమీటర్లు లెక్కపెట్టేది కూడా అదే మీటరు. 7.5ను 1.29తో గుణిస్తే 9.7 వస్తుంది. పాత బండి కంటే మెరుగే, అదీ అంత స్పీడులో. ఆయిల్ మార్పులు కూడా మీటరు చూసి చేస్తుంటే, మీరనుకున్నదానికంటే ఎక్కువ దూరం తిరిగాక మారుస్తున్నారని గుర్తుంచుకోండి.

ఈ ఉత్తరాన్ని ముందు వేసుకోవడానికి కారణం ఉంది. గేర్లు మార్చాక మీటరు సరిచేయకుండా రోడ్డెక్కడం చాలా ప్రమాదం. ఎత్తయిన బరువైన బండిని 80 అనుకుని 103లో మలుపు తిప్పితే ఏమవుతుందో ఆలోచించండి. ఈ పని అయ్యేదాకా మీటరు ముల్లు 62 దగ్గర ఉంటే అది 80 అని అద్దం మీద రాసి అంటించుకోండి. తర్వాత ట్రాన్స్‌ఫర్ కేసులో కేబుల్ చివర ఉండే చిన్న ప్లాస్టిక్ గేరు తీసి పళ్ళు లెక్కపెట్టండి. ఇప్పుడున్న పళ్ళను 0.776తో గుణిస్తే కావలసిన పళ్ళు వస్తాయి. 18 ఉంటే 14 కావాలి. అంత తక్కువ పళ్ళ గేరు దొరకకపోతే కేబుల్ మధ్యలో పెట్టే రేషియో అడాప్టరుతో పని అవుతుంది.

ఇప్పుడు ఎక్కుడులో లాగకపోవడం సంగతి. 105 హార్స్‌పవర్ 4బీటీకి గరిష్ఠ టార్క్ 1600 దగ్గర, గరిష్ఠ పవర్ 2500 దగ్గర వస్తుంది. మీరు 1690లో ఉన్నారు కాబట్టి టార్క్‌కు లోటు లేదు. లోటు పవర్‌కు. పవర్ అంటే టార్క్‌ను చుట్లతో గుణించినది. 103లో గాలికి, టైర్లకు పోగా మిగిలేది కొంచెమే. అప్పుడు ఎక్కుడు తగిలితే చుట్లు 1600 కిందికి జారతాయి. చుట్లు జారితే టర్బో గాలి తగ్గుతుంది. మీరేమో యాక్సిలరేటర్ ఇంకా తొక్కుతారు, పంపు డీజిల్ ఇంకా పోస్తుంది. గాలి తక్కువై డీజిల్ ఎక్కువైతే వచ్చేవి ఈ నల్లపొగ, ఈ వేడి. చుట్లు తగ్గినప్పుడు ఫ్యానూ, నీటి పంపూ కూడా నెమ్మదిస్తాయి. టాకోమీటరు తక్కువ చూపిస్తే ఇంజిన్‌కు సుఖమని చాలామంది నమ్ముతారు. బరువు లాగుతున్న డీజిల్ ఇంజిన్ విషయంలో అది నిజం కాదు.

వేడి కొలిచే ప్రోబ్ టర్బోకు ముందు ఉంటే, ఎక్కువసేపు 675 డిగ్రీలు దాటనివ్వకండి. పిస్టన్లు అల్యూమినియంవి. ప్రోబ్ టర్బో తర్వాత ఉంటే పరిస్థితి ఇంకా ప్రమాదం, ఎందుకంటే అక్కడ చూపించేది అసలు వేడి కంటే తక్కువ. మీకు 720 ఎక్కడ వస్తోందో ముందు చూడండి.

ఇక మీరు చేయించిన మార్పు గురించి నా అభిప్రాయం. ఇంజిన్ గోలకు హౌసింగు గేర్లు ఒక మందు, ఓవర్‌డ్రైవ్ ఇంకో మందు. మీరు రెండూ ఒకేసారి వేసుకున్నారు. పాత నాలుగు గేర్ల బాక్సుతో 3.54 ఒక్కటే వేయించుకున్నా 90లో 1970 వచ్చేది, హాయిగా సరిపోయేది. ఇప్పుడు మీ నాలుగో గేరు ఇచ్చేది సరిగ్గా అదే. కాబట్టి నాలుగో గేరునే మీ హైవే గేరు అనుకోండి. నిజమైన 80లో 1750, 90లో 1970. ఎక్కుడు వస్తే చుట్లు బాగా పడకముందే, స్పీడు కొంత తగ్గించుకుని, ఇంజిన్ గరిష్ఠ చుట్లు దాటకుండా మూడులోకి దించండి. ఐదో గేరు రోడ్డు చదునుగా, బండి ఖాళీగా, ఎదురుగాలి లేకుండా, నిజమైన స్పీడు 100 దగ్గర ఉన్నప్పుడే. ఈ బండికి 85, 90 చాలని నా మాట.

ఐదో గేర్లో ఈడ్చడం గేర్‌బాక్సుకు కూడా చేటే. తక్కువ చుట్లలో నాలుగు సిలిండర్ల డీజిల్ కొట్టే దెబ్బలు షాఫ్టు పొడవునా పోతాయి. డాడ్జ్ ట్రక్కుల్లో కమిన్స్ వెనక వచ్చిన ఎన్‌వీ4500ల్లో ఐదో గేరును పట్టి ఉంచే నట్ వదులై ఆ గేరు పోవడం బాగా తెలిసిన సంగతి. మీది ఏ రకమో, నట్‌కు తాళం వేశారో లేదో బాక్సు పెట్టినవాళ్ళను అడగండి.

మట్టిదారి లెక్క కూడా మారింది. పాత బాక్సు మొదటి గేరు 6.69 అయితే, ట్రాన్స్‌ఫర్ కేసు లో-రేంజ్ (నెమ్మది గేరు) 1.96తో, 4.56తో కలిపి 60 దాకా ఉండేది. ఇప్పుడు 5.61, 1.96, 3.54 కలిపితే 39. ఐడిల్ 800లో పాతప్పుడు గంటకు 2.2 కిలోమీటర్లతో రాళ్ళ మీద పాకే బండి ఇప్పుడు 3.3తో పోతుంది. బండల మీద ఆ తేడా మీకు క్లచ్ వాసనలో తెలుస్తుంది. క్లచ్ మీద కాలు పెట్టి నడపడం అలవాటు చేసుకోవద్దు.

మళ్ళీ ఖర్చు పెట్టే ఓపిక ఉంటే 4.10 వేయించండి. ఐదో గేర్లో 90కి 1710 వస్తుంది, ఓవర్‌డ్రైవ్ నిజంగా అక్కరకొస్తుంది, పాకే లెక్క కూడా 45కి చేరుతుంది. వెనక డానా 60లో 4.10, అంతకు తక్కువ రేషియోలన్నిటికీ ఒకే క్యారియర్ (క్రౌన్ గేరును మోసే భాగం), కాబట్టి 3.54 కోసం వేసింది ఉంచుకోవచ్చు. ముందు డానా 44లో మాత్రం ఆ హద్దు 3.73 దగ్గరే ఉంది, కాబట్టి 4.10 వేయాలంటే అక్కడ క్యారియర్ మార్చాలి.

ప్రశ్న: హౌసింగులో క్రౌన్, పినియన్ గేర్లు కొత్తవి వేయించాక 70, 90 మధ్య యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే వెనక నుంచి ఊళలా వస్తోంది. తొక్కితే తగ్గుతోంది. తిరిగితే సర్దుకుంటుందని మెకానిక్ అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. ఊళ వేసే గేర్లు తిరిగేకొద్దీ నిశ్శబ్దం కావు. ఒకే స్పీడులో నాలుగో గేరు, ఐదో గేరు రెండింట్లోనూ అదే స్వరం వస్తే చప్పుడు హౌసింగుదే. గేరుతో మారితే బాక్సుది. తొక్కినా తీసినా తేడా లేకపోతే టైర్లూ వీల్ బేరింగులూ చూడాలి. మీది కాలు తీసినప్పుడే వస్తోంది కాబట్టి ముందు పినియన్ యోక్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ బిగించే చోటు) పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగి చూడండి. కొంచెం ఆడినా బేరింగ్ బిగింపు పోయినట్టే, ఆ బండిని ఇంక నడపకండి. ఆడకపోతే కవరు విప్పించి బ్యాక్‌లాష్ (గేరు పళ్ళ మధ్య ఖాళీ) కొలిపించండి. చాలా హౌసింగుల్లో 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. పళ్ళకు రంగు పూసి తిప్పించి అచ్చు ఎక్కడ పడుతోందో మీరే పక్కన నిలబడి చూడండి. పినియన్ మళ్ళీ విప్పితే పాత క్రష్ స్లీవ్ (బేరింగ్ బిగింపు కోసం నలిగే గొట్టం) వాడనివ్వకండి, అది ఒక్కసారికే. మళ్ళీ బిగించాక మొదటిసారి పాతిక కిలోమీటర్లు నెమ్మదిగా తిప్పి పూర్తిగా చల్లారనివ్వండి. 800 కిలోమీటర్ల దాకా బరువు లాగించవద్దు, ఆ తర్వాత ఆయిల్ మార్చండి.

ప్రశ్న: వెనక 4.10 వేయించాను, ముందు 4.56 అలాగే ఉంది. ఫోర్ వీల్ బురదలోనే వాడతాను. ఇబ్బందా?

జవాబు: ఇబ్బందే. 11 శాతం తేడా ఉంది. బురదలో టైర్లు కొంత జారి సర్దుకున్నా, గట్టి నేల తగిలిన మరుక్షణం ఆ బిగువంతా ట్రాన్స్‌ఫర్ కేసు చైనో గేర్లో, యూనివర్సల్ జాయింట్లో మోయాలి. ముందు గేర్లు కూడా మార్చేదాకా ఫోర్ వీల్ వేయకండి. 3.54, 3.55 లాంటి చిల్లర తేడాలకు మాత్రం భయం లేదు.

ప్రశ్న: డీజిల్ ఇంజిన్ పెట్టి, 4.56 గేర్లు తీసి 3.54 వేశాక దిగుళ్ళలో ఇంజిన్ అసలు పట్టడం లేదు. డీజిల్ కదా, బాగా పట్టాలి కదా?

జవాబు: పెట్రోల్ ఇంజిన్ కాలు తీయగానే థ్రాటిల్ మూసుకుని గాలిని బిగబడుతుంది, అందుకే పడుతుంది. పాత తరహా డీజిల్‌లో థ్రాటిల్ ఉండదు. పైగా 4.56 నుంచి 3.54కి వచ్చారంటే ఉన్న కొంచెం పట్టులోనూ 22 శాతం పోయింది. పొడవైన దిగుడు మొదలవకముందే మూడో గేర్లోకి రండి, చుట్లు గవర్నర్ హద్దు (ఇంజిన్ గరిష్ఠ చుట్లు) దాటకుండా చూసుకోండి, బ్రేకులు వాడుతూ వదులుతూ దిగండి. కొండదారులు తరచుగా ఉంటే ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ దారిని మూసి ఇంజిన్‌తో బండిని పట్టించేది) పెట్టించండి. అయితే పెట్టేముందు మీ ఇంజిన్ వాల్వ్ స్ప్రింగులు ఎంత ఒత్తిడికి ఆగుతాయో కనుక్కుని, బ్రేకును ఆ హద్దులోపలే సెట్ చేయించండి.